ఎత్తైన ఉష్ణమండల కొండల మీద యూవీ: అపోహలు - వాస్తవాలు

విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరాన ఎంత దూరంలో ఉందో, బొలీవియాలోని లాపాజ్ దక్షిణాన దాదాపు అంతే దూరంలో ఉంది: పదహారున్నర డిగ్రీలు. కాకపోతే లాపాజ్ ఉన్నది సుమారు 3,600 మీటర్ల ఎత్తున. యూవీ (అతినీలలోహిత కిరణాల) సెన్సర్ల క్యాలిబ్రేషన్, అంటే అవి సరిగ్గా కొలిచేలా సరిచూడడం, నా పని. లాపాజ్ ఉన్న ఆండీస్ కొండల రీడింగుల గురించి మాట్లాడినప్పుడల్లా కొన్ని అపోహలు పదేపదే ఎదురవుతుంటాయి.

అపోహ: ఎండ చురుక్కుమనకపోతే యూవీ లేనట్టే.

వాస్తవం: చురుక్కుమనిపించేది వెలుగు, ఇన్‌ఫ్రారెడ్ కిరణాల వేడి. యూవీ తగులుతున్నట్టు చర్మానికి అప్పటికప్పుడు తెలియదు. మే నెల విజయవాడ ఎండకు గడప దాటాలంటేనే భయపడతాం. జనవరిలో లాపాజ్‌లో స్వెట్టర్ వేసుకుని హాయిగా తిరగొచ్చు. కానీ మబ్బు లేని మధ్యాహ్నం అక్కడ యూవీ ఇండెక్స్ (చర్మానికి యూవీ ఎంత హాని చేయగలదో చెప్పే అంకె) 16 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో 11 నుంచే అత్యంత ప్రమాదకర స్థాయి.

అపోహ: కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కాబట్టి యూవీ పెరుగుతుంది.

వాస్తవం: 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో నాలుగు కిలోమీటర్లు ఏ లెక్కకూ రావు. తేడా గాలిది. 4,000 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతం చిల్లర. యూవీని చెదరగొట్టే గాలి తగ్గుతుంది కాబట్టి ప్రతి 1,000 మీటర్లకు యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది. సూర్యుడి దూరానికీ పాత్ర ఉంది, అయితే అది కొండ వల్ల కాదు. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉంటుంది. జూలై కంటే అప్పుడు దాదాపు 7 శాతం ఎక్కువ కిరణాలు అందుతాయి. ఆండీస్‌లో వేసవి కూడా సరిగ్గా అప్పుడే.

అపోహ: అక్కడ ఓజోన్‌కు రంధ్రం పడింది.

వాస్తవం: పడలేదు. ఉష్ణమండలంలో ఓజోన్ పొర సహజంగానే పలచన, సుమారు 250 డాబ్సన్ యూనిట్లు (ఓజోన్ ఎంత ఉందో చెప్పే కొలత). ఓజోన్ ఎక్కువగా పుట్టేది అక్కడే అయినా పైగాలులు దాన్ని ధ్రువాల వైపు తీసుకుపోతాయి.

అపోహ: యూవీ ఇండెక్స్ ప్రపంచ రికార్డు 43.3.

వాస్తవం: 2003 డిసెంబర్ 29న బొలీవియా, చిలీ సరిహద్దులోని లికాన్‌కాబుర్ అగ్నిపర్వతం మీద ఒక పరికరం ఈ అంకె చూపింది. 2014లో అది పరిశోధన పత్రంగా వచ్చింది, వార్తలకెక్కింది. ఆ తర్వాత ఈ రంగంలోని నిపుణులే దాన్ని గట్టిగా ప్రశ్నించారు. లెక్క మనమూ వేసి చూడొచ్చు. ఓజోన్ ఒక శాతం తగ్గితే ఇండెక్స్ సుమారు 1.2 శాతం పెరుగుతుంది. అంత ఎత్తున మామూలుగా 20 దగ్గర ఉండే ఇండెక్స్ 43కి చేరాలంటే ఓజోన్ దాదాపు సగానికి పడిపోవాలి. అంటార్కిటికా మీద కనిపించే ఆ స్థాయి ఉష్ణమండలంలో రాదు. తునకలు తునకలుగా ఉన్న తెల్లమబ్బుల అంచుల నుంచి కిరణాలు ప్రతిఫలిస్తే రీడింగ్ కాసేపు పావు వంతు దాకా ఎగబాకుతుంది. రెట్టింపు మాత్రం కాదు. అందుకే ఈ అంకెను నేను రికార్డుగా ఒప్పుకోను. ఆండీస్‌లో ప్రమాదం నిజం, అది చెప్పడానికి 20 చాలు.

అపోహ: మంచి మీటర్ కొని పెడితే కొలత దానంతటదే వస్తుంది.

వాస్తవం: తెల్లవారేసరికి సెన్సర్ గాజు డోమ్ మీద మంచు గరుకుగా పేరుకుపోతుంది. గోటితో గీకకూడదు, గీత పడితే డోమ్ పోయినట్టే. కాస్త స్పిరిట్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో ఒత్తుతూ కరిగించాలి. తర్వాత లెవెల్ బుడగ చూడాలి. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు సెన్సర్ ఒక్క డిగ్రీ అటో ఇటో వాలినా నేరుగా పడే కిరణాల కొలతలో 3 శాతం తేడా వస్తుంది.

క్యాలిబ్రేషన్ ఇంకా పెద్ద విషయం. చర్మం కందడానికి ఏ కిరణం ఎంత కారణమో చెప్పే గ్రాఫ్ ఒకటుంది. చవక సెన్సర్లేవీ దాన్ని అచ్చంగా అనుసరించవు. ఆ తేడాను సరిచేసే పట్టిక ఓజోన్‌నీ, సూర్యుడి ఎత్తునీ బట్టి మారుతుంది. యూరప్‌లో తయారైన పట్టికలో నడినెత్తిన సూర్యుడు, 250 యూనిట్ల ఓజోన్ కలిసి వచ్చే గడి ఉండకపోవచ్చు. అప్పుడు సెన్సర్‌ను కొండ మీదే స్పెక్ట్రోరేడియోమీటర్ (ఏ తరంగదైర్ఘ్యపు కిరణం ఎంత ఉందో విడివిడిగా కొలిచే పరికరం) పక్కన పెట్టి సరిచూడక తప్పదు.

అపోహ: టోపీ ఉంటే చాలు.

వాస్తవం: కొత్త మంచు 80 శాతం దాకా యూవీని తిప్పికొడుతుంది. కిలిమంజారో ఎక్కే మనవాళ్లు గడ్డం కింద, ముక్కుపుటాల అంచుల్లో కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి. కళ్లద్దాలకు పక్కల మూత ఉన్నవే కొనండి.