ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి పోతుంది, ఇనుము మిగులుతుంది: ఎందుకు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా పేజీలు రోజూ తిరగేసేవాళ్లకు ఈ వార్త కొత్తేం కాదు. రాత్రికి రాత్రి పొలంలోని ట్రాన్స్‌ఫార్మర్‌ను దిమ్మె మీంచి కింద పడేశారు, ఆయిల్ పారబోశారు, రాగి తీగ ఎత్తుకుపోయారు. ఊరి పేరు మారుతుంది, మిగతాదంతా అదే. తెల్లారి మోటరు వేద్దామని వెళ్లిన రైతుకు మూత ఊడిన డొల్ల, ఆయిల్‌తో నల్లబడ్డ మట్టి, తీగ చుట్ల మధ్య నుంచి పీకేసిన కాగితం పేలికలు కనిపిస్తాయి. పక్కనే పేకముక్కల్లా చెదిరిన పల్చటి ఇనుప రేకులుంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు. బరువులో చూస్తే దొంగ వదిలేసిందే ఎక్కువ.

ఇందులో దొంగ తెలివి కన్నా ఆ రెండు లోహాల గుణమే ఎక్కువ పనిచేస్తుంది. కాబట్టి ముందు వాటి సంగతి.

ట్రాన్స్‌ఫార్మర్‌కు మూలమైన ప్రయోగం లండన్‌లో 1831 ఆగస్టు 29న జరిగింది. మైఖేల్ ఫారడే ఒక మెత్తని ఇనుప కడియం తీసుకుని, దానికి రెండు వైపులా రాగి తీగ చుట్టాడు. ఒక చుట్టలో కరెంటు పెట్టినప్పుడూ తీసినప్పుడూ రెండో చుట్టకు కలిపిన ముల్లు కదిలింది. రెండు చుట్టలూ ఒకదాన్నొకటి తాకలేదు. మధ్యలో ఉన్నది ఇనుమే. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీ ఇంజినీర్లు ముగ్గురు, జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరి, దాన్ని బజారులో అమ్మే సరుకుగా మార్చారు. నేడు దేవరకొండ దగ్గర బత్తాయి తోట పక్కన నిలబడ్డ 25 కేవీఏ డబ్బాలోనూ సూత్రం అదే. 11 వేల వోల్టులు ఒకవైపు నుంచి వస్తాయి, 433 వోల్టులు రెండోవైపు నుంచి మోటార్లకు పోతాయి.

ఇనుము, రాగి రెండూ ఆవర్తన పట్టిక నడుమ ఉండే పరివర్తన లోహాలే, అందులో ఒకే వరుసలో ఉంటాయి. ఇనుము 26వది, రాగి 29వది. తేడా మూడు ఎలక్ట్రాన్లే అయినా పనిలో అది చాలా పెద్దది. ఇనుము పరమాణువులో లోపలి డి ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్లు ఉండే అరలు, సగం దాటి నిండి ఆగిపోయాయి. జంట దొరకని ఎలక్ట్రాన్లు అక్కడ నాలుగున్నాయి. ఇనుప ముక్కలో అలాంటివన్నీ ఒకే దిక్కుకు తిరగగలవు కాబట్టే అది అయస్కాంతానికి లొంగుతుంది. రాగిలో ఆ డి అరలు పది ఎలక్ట్రాన్లతో పూర్తిగా నిండిపోయాయి, అందుకని అయస్కాంతం దాన్ని పట్టించుకోదు. రాగికి బయట ఒంటరి ఎలక్ట్రాను ఒకటి ఉంటుంది, అది తీగలో ఏ అడ్డూ లేనట్టు తిరుగుతుంది. అంతే మందం, అంతే పొడవున్న ఇనుప తీగ కరెంటును రాగి కన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా అడ్డుకుంటుంది. చుట్టలు ఇనుముతో చేస్తే యాసంగి మధ్యాహ్నం లోడుకు ట్రాన్స్‌ఫార్మర్ కుంపటి అవుతుంది. చుట్టల నడుమ ఉండే కోర్ రాగితో చేస్తే అయస్కాంత బలం దారి తప్పి రెండో చుట్టకు చేరేది అంతంతమాత్రమే. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు.

కోర్ అంటే దొంగ వదిలేసే ఆ రేకులే. అవి కూడా మామూలు ఇనుము కాదు. అందులో సుమారు మూడు శాతం సిలికాన్ కలుపుతారు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని మందంతో సాగదీసి, ఒక్కో రేకుకూ పూత వేసి పేరుస్తారు. దిమ్మెలా పోత పోస్తే కోర్‌లోనే కరెంటు సుడులు పుట్టి వేడెక్కుతుంది, అందుకే ఇన్ని పొరలు. ఈ రకం ఉక్కులో ఎక్కువ భాగం మన దేశం ఏళ్ల తరబడి బయటి నుంచే కొనుక్కుంది. కొత్తది కొనాలంటే కడ్డీల ఇనుముకు ఎన్నో రెట్లు పెట్టాలి. పొలంలో చెదిరి, తుప్పు పట్టి, వంగిన రేకుకు మాత్రం తుక్కు ధరే వస్తుంది.

ఇక ఈ డబ్బాలు ఊరికి ఇంత దూరంగా, చేల మధ్యలోకి ఎందుకొచ్చాయన్నది మన ప్రాంతపు కథ.

సాగర్ ఎడమ కాల్వ కింద ఉన్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు నీళ్లు కాల్వలో వచ్చాయి. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట మెట్ట ప్రాంతాలకు అప్పట్లో ఆ భాగ్యం లేకపోయింది. కింద గ్రానైటు రాయి. చెరువులు, మోట బావులు చాలని కాలంలో కరెంటు మోటార్లు వచ్చాయి. బావులు ఎండాక బోర్లు వచ్చాయి. బోరు పడ్డ చోటే మోటరు పెట్టాలి, మోటరున్న చోటికే కరెంటు రావాలి. అలా తీగలు ఊళ్లు దాటి గట్ల మీదికి పాకాయి. నల్లగొండలో ఆ బోర్లే ఫ్లోరైడు నీళ్లనూ పైకి తెచ్చాయి. అది ఇంకో పెద్ద కథ.

మొదట్లో ఊరికి ఒకటో రెండో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లుండేవి. వాటి నుంచి తక్కువ వోల్టేజీ తీగ కిలోమీటర్ల కొద్దీ లాగేవాళ్లు. చివరి మోటరుకు వోల్టేజీ అందక వైండింగ్ కాలడం మామూలైపోయింది. రివైండింగ్ షాపులు పట్నాల్లో బాగా నడిచింది ఆ లో వోల్టేజీ పుణ్యమా అనే. 2004 మే 14న ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పడింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే హెచ్‌వీడీఎస్ పద్ధతి ఊపందుకుంది. 11 కేవీ తీగనే పొలం దాకా తెచ్చి, కొద్ది మోటార్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం అన్నమాట. లైన్ లాసు తగ్గింది, వోల్టేజీ మెరుగుపడింది, కొక్కేలు తగిలించడం కష్టమైంది. ఇంజినీరింగ్‌గా తప్పు పట్టడానికేం లేదు. అయితే ఊరి నడుమ పదిమంది కళ్లెదుట ఉండే రాగి కాస్తా చిన్న చిన్న డబ్బాల్లో సర్దుకుని మనిషి అలికిడి లేని చోటికి పోయింది. కాపలా ఎవరిదన్న లెక్క అప్పట్లో ఎవరూ వేసినట్టు లేదు.

కరెంటు విడతల వారీగా ఇచ్చిన ఏళ్లలో లైను ఎప్పుడు చచ్చి ఉంటుందో రైతుకు ఎంత తెలుసో దొంగకూ అంతే తెలుసు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైంది. కరెంటు రాగానే మోటరును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వం ఊరూరా చెప్పించింది. దొంగతనాల వార్తలు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ధర మాట. భూమి పైపొరలో ఇనుము వంద కిలోలకు సుమారు అయిదు కిలోలుంటే, రాగి ఆరేడు గ్రాములు. ప్రపంచం ఏటా 180 కోట్ల టన్నులకు పైగా ఉక్కు చేస్తుంది. గనుల నుంచి తీసే రాగి రెండు కోట్ల టన్నుల పైచిలుకు. అందుకే పాత సామాన్ల కొట్లో ఇనుము కిలో పదుల రూపాయల్లో పలికితే రాగి దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. 2024 మేలో ప్రపంచ మార్కెట్లో టన్ను రాగి 10 వేల డాలర్లు దాటింది. మన మలాజ్‌ఖండ్, ఖేత్రి రాగి గనులు దేశం అవసరాలకు ఏ మూలకూ చాలవు.

ధరతో పాటు ఇంకో గుణం దొంగకు కలిసొస్తుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. రాగికి 1085 చాలు, చిన్న కొలిమిలోనే ముద్దయిపోతుంది. ఒకసారి ముద్దయ్యాక అది ట్రాన్స్‌ఫార్మర్‌లోదా, బోరు కేబులులోదా, తాతల నాటి గంగాళమా అని చెప్పడం ఎవరి తరమూ కాదు. పైగా పాత రాగి కొత్త రాగికి ఏమాత్రం తీసిపోదు. బాగా శుద్ధి చేస్తే మళ్లీ తీగే అవుతుంది.

మట్టిలో కూడా రాగి చావదు. ఉమ్మడి నల్లగొండ జిల్లా తుమ్మలగూడెంలో దొరికిన విష్ణుకుండిన రాజుల రాగి శాసనాల్లో ఒకటి శక సంవత్సరం 488 నాటిది, అంటే క్రీ.శ. 566. పద్నాలుగు వందల ఏళ్లు దాటినా అక్షరాలు చదవగలిగాం. రాగి పైన పట్టే పొర కిందున్న లోహానికి కవచంలా అంటుకుంటుంది. ఇనుప తుప్పు మాత్రం పొట్టులా రాలిపోతూ కొత్త ఇనుమును గాలికి వదిలేస్తుంది.

ఈ రెంటి తేడా బత్తాయి రైతులకు పుస్తకం లేకుండానే తెలుసు. ఆకులు పసుపెక్కి ఇనుము లోపం కనిపిస్తే అన్నభేది కొడతారు, అది ఇనుము లవణం. బంక తెగులుకు మొదళ్ల మీద బోర్డో పేస్టు పూస్తారు. అందులో సున్నంతో కలిపే మైలుతుత్తం రాగి లవణం. మైలుతుత్తాన్ని ఇనుప బకెట్లో కలపొద్దంటారు. కలిపిన మందులో కొడవలి కొన ముంచి చూస్తారు. దాని మీద ఎర్రటి పూత పడితే సున్నం చాలలేదని అర్థం. ఇనుము కరిగి మందులోకి పోతోంది, ఆ చోట రాగి వచ్చి కూర్చుంటోంది. ప్రయోగశాలలో చూపించే స్థానభ్రంశ చర్య చేను గట్టు మీద రోజూ జరిగేదే.

మరి రాగి లేకుండా ట్రాన్స్‌ఫార్మర్ చేయలేమా? చేయగలం, చేస్తున్నారు కూడా. చిన్న వాటిలో చాలావరకు అల్యూమినియం చుట్టలే వాడుతున్నారు. అది పరివర్తన లోహం కాదు. కరెంటు మోయడంలో రాగికి అరవై శాతమే. అదే కరెంటుకు తీగ లావవుతుంది, డబ్బా పెరుగుతుంది, అతుకుల దగ్గర జాగ్రత్త పడాలి. కానీ చవక, తేలిక. చిక్కేమిటంటే లోపల ఏ లోహముందో మూత తీస్తే గానీ తెలియదు. తీసేసరికి ఆయిల్ నేలపాలైనట్టే. లోపల తెల్ల తీగ చూసి దొంగ తిట్టుకుంటూ పోయినా రైతుకు వరుస తడి పోయేదే. మోటార్ల సంగతి వేరే. సన్నటి బోరు గొట్టంలో ఇమడాలి కాబట్టి సబ్‌మెర్సిబుల్ మోటరు రాగిని వదల్లేదు. 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్‌లో మొదలుపెట్టిన పాలమూరు ఎత్తిపోతల 145 మెగావాట్ల మోటరైనా, మూడు హెచ్‌పీ బోరు మోటరైనా లోపల ఉన్నది సిలికాన్ ఉక్కు, రాగే.

చట్టం ఉంది. 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద లైను సామాను దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. 137వ సెక్షన్ దొంగ సరుకని తెలిసి కొన్నవాడికి. వార్తల్లో తరచూ కనపడేది మొదటిదే. చేలల్లో వేల డబ్బాలకు కాపలా పెట్టడం అయ్యే పని కాదు. పాత రాగి కొనే కొట్లు, కరిగించే కొలుములు మాత్రం లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. అక్కడ ఎవరి దగ్గర ఎన్ని కిలోలు కొన్నారో రాసిన రిజిస్టరు అడగడం రాత్రి గస్తీ కన్నా చవకైన పని.