మాత్రలో దిగే చుట్టాలు

ప్రోబయాటిక్ మాత్రలు, అంటే ఒంటికి మేలు చేస్తాయని మింగే బతికున్న సూక్ష్మజీవుల మాత్రలు. వాటి డబ్బా మీద ముందుగా కంటపడేది పెద్ద అంకె. ఉదాహరణకు 1000 కోట్ల సీఎఫ్‌యూ. అంటే ప్రాణంతో ఉండి, పెరగగలిగిన సూక్ష్మజీవులు ఒక్కో మాత్రలో అన్ని ఉన్నాయని. వినగానే అబ్బో అనిపిస్తుంది. కానీ 2016లో శాస్త్రవేత్తలు వేసిన ఒక లెక్క ప్రకారం మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. అన్నీ కలిపి తూచినా 200 గ్రాములే. వీటిలో చాలా భాగం పెద్దపేగులోనే కాపురం. అంటే మాత్రతో వచ్చేది, ఒంట్లో ఉన్న ప్రతి 3800కి ఒకటి. అందులోనూ పొట్టలోని ఆమ్లానికి, పైత్యరసానికి బలయ్యేవి కొన్ని.

తట్టుకుని పేగు చేరినా అక్కడ చోటు దొరకడం కష్టం. గోడ మీది జిగురు పొర, దొరికే తిండి అంతా పాతకాపుల చేతిలో ఉంటుంది. కొత్తవి చుట్టపుచూపుగా వచ్చి, మాత్ర ఆపేసిన కొన్నాళ్లకు మలంతో పాటు వెళ్లిపోతాయి, చాలామందిలో జరిగేది ఇదే. దాన్ని తప్పుపట్టడానికి లేదు. పోతూ పోతూ కూడా అవి పని చేయగలవు: ఆమ్లాలు వదిలి హానికర క్రిములను పెరగనివ్వవు, పేగు గోడలోని రోగనిరోధక కణాలను కదిలిస్తాయి. ‘పేగును మంచి బ్యాక్టీరియాతో నింపేస్తాం’ అనే ప్రచారంతోనే నాకు పేచీ.

అంకె కన్నా పేరు ముఖ్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో తోటివాళ్లు విరేచనాలతో మంచం పట్టినా ఒక సైనికుడికి మాత్రం ఏమీ కాలేదు. ఆల్‌ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ వైద్యుడు 1917లో అతని మలం నుంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేశాడు. తీరా చూస్తే అది ఈ.కోలై! తాగేనీళ్లలో కనబడిందంటే అందరూ హడలిపోయే ఈ.కోలైయే. ‘ఈ.కోలై నిస్లే 1917’ పేరుతో దాన్ని ఇప్పటికీ మందుగా వాడుతున్నారు. అదే ఈ.కోలైలో ఓ157:హెచ్7 అనే మరో రకం నెత్తుటి విరేచనాలు తెప్పిస్తుంది, కొందరిలో కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. ఇంటిపేరూ పేరూ ఒకటే, గుణాలు మాత్రం వేరు. అందుకే డబ్బా మీద ‘లాక్టోబాసిల్లస్ రామ్నోసస్’ అని ఉంటే చాలదు. చివర ‘జీజీ’ లాంటి రకం గుర్తు లేకపోతే, దేని మీద జరిగిన పరీక్షను చూసి దాన్ని నమ్మాలి?

రకం తెలిసినా ప్రతి జబ్బుకూ పనిచేస్తుందని కాదు. యాంటీబయాటిక్స్ వల్ల వచ్చే విరేచనాలను తగ్గించడంలో కొన్ని రకాలకు చెప్పుకోదగ్గ ఆధారాలున్నాయి. వాటిలో ఒకటైన సాక్రోమైసిస్ బౌలార్డీ అసలు బ్యాక్టీరియానే కాదు, ఈస్ట్. కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు. అదే, పిల్లల్లో వాంతులు విరేచనాల మీద 2018లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల్లో ప్రోబయాటిక్ వల్ల లాభం కనబడలేదు.

అదే ఏడాది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ బృందం ఇంకో చిక్కు బయటపెట్టింది. మలాన్ని పరీక్షించి సరిపెట్టుకోకుండా, గొట్టం పంపి పేగు లోపలి నుంచే నమూనాలు తీశారు. 21 మందికి యాంటీబయాటిక్స్ ఇచ్చి మూడు జట్లు చేశారు. ముందే దాచిన తమ మలాన్నే తిరిగి ఎక్కించుకున్నవారిలో పాత బ్యాక్టీరియా కొద్దిరోజుల్లో కోలుకుంది. ఏమీ తీసుకోనివారిలో కొన్ని వారాలు పట్టింది. 11 రకాలున్న ప్రోబయాటిక్ వాడినవారిలో నెలలు గడిచినా పూర్తిగా తిరిగి రాలేదు. మనుషులు 21 మందే, వాడినది ఒక్క మిశ్రమమే, కాబట్టి ఇదే తుది తీర్పు అనను. కానీ పాత ఆధారాలకూ దీనికీ వైరుధ్యం లేదు. ఖాళీ అయిన ఇంట్లో దిగిన చుట్టం దొంగను రానివ్వలేదు సరే, ఇంటివాళ్లనూ గుమ్మంలోనే నిలబెట్టేసింది.

ఈ మాత్రలతో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వచ్చే ఇబ్బంది మహా అయితే గ్యాసూ, కడుపుబ్బరం. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో మాత్రం ఇవే బ్యాక్టీరియా అరుదుగా రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెస్తాయి. వాళ్ల విషయంలో డాక్టర్ చెప్పకుండా ఇవ్వకూడదు.

ఇక ఆ పెద్ద అంకె దగ్గర చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. సూక్ష్మజీవులు డబ్బాలో ఉన్నా రోజురోజుకీ చస్తూనే ఉంటాయి. 1000 కోట్లు అన్నది మాత్ర తయారైన రోజు లెక్కా, గడువు ముగిసే రోజు లెక్కా?