శాటిలైట్ దాటిపోయాక నిప్పు పెడితే ఏం కాదా?

కోతలు మొదలయ్యాయంటే చాలు, నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "సార్, శాటిలైట్ ఎన్నింటికి పోతుంది?" వ్యవసాయ శాఖలో ఊళ్లు తిరిగే ఉద్యోగం నాది. కొయ్యకాళ్లు కాల్చొద్దని చెప్పడం, కాల్చిన మడి దగ్గరికి వెళ్లి వివరాలు రాసుకోవడం నా పనే. ఇలా అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. జరిమానా పడుతుందేమోనని టెన్షన్ పడుతున్న రైతులు వాళ్లు. నా కోపమంతా వాట్సాప్‌లో "శాటిలైట్ దాటిపోయాక కాలిస్తే దొరకరు" అనే మెసేజ్‌ని ఏటా తిప్పేవాళ్ల మీదే.

అపోహ: మధ్యాహ్నం రెండు దాటాక కాలిస్తే ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు.

ఇందులో ఒక ముక్క నిజం ఉంది, అందుకే ఇంతగా పాకింది. మంటల లెక్కకు వాడే సువోమీ ఎన్‌పీపీ, నోవా-20 ఉపగ్రహాలు పగలు ఒంటిగంటన్నర ప్రాంతంలో పోతాయి. రాత్రి ఒంటిగంటన్నరకు మళ్లీ వస్తాయని మెసేజ్‌లో రాయరు. ఇన్‌శాట్-3డీఆర్ లాంటివైతే ఎప్పుడూ ఒకేచోట ఉండి, అరగంటకోసారి చూస్తూనే ఉంటాయి. చిన్న మంట వాటికి అందకపోవచ్చు, సరే. మరి నల్లగా మాడిన మడిని ఎక్కడ దాస్తారు? సెంటినెల్-2 ఉపగ్రహాలు ఐదు రోజులకోసారి వస్తాయి, పది మీటర్ల మచ్చనూ పట్టుకుంటాయి.

దొరకడం సంగతి అలా ఉంచండి. ఈ పుకారు చేసిన అసలు నష్టం, మంటల్ని సాయంత్రానికి జరపడం. పంజాబ్, హర్యానాల్లో 2024లో ఉపగ్రహాల లెక్కలో మంటలు బాగా తగ్గాయి, గాలి మాత్రం ఆ మేరకు బాగుపడలేదు. ఉపగ్రహాలు దాటిపోయాక కాలుస్తున్నారని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు.

పగలు ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. పొగ దానితో పాటే పైకెళ్లి పలచబడుతుంది. పొద్దుగూకాక నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది, పైన మాత్రం వెచ్చటి గాలి ఉంటుంది. అది మూత పెట్టినట్టు పనిచేస్తుంది. పొగ పైకి పోలేక ఇళ్ల ఎత్తులోనే తెల్లారిందాకా నిలిచిపోతుంది. చలికాలం ఇంకా ఘోరం. పగలు కాల్చమని చెప్పడం లేదు, అప్పుడూ ఆ పొగ ఎవరో ఒకరి ఊపిరిలోకే పోతుంది. కానీ కాల్చడానికి అనుమతులిచ్చే దేశాల్లో కూడా గాలి, వాతావరణం చూసి, పొగ పైకి లేచే రోజుకే ఇస్తారు. సాయంత్రం ప్రశాంతంగా ఉంది కదా అనుకోవడమే పెద్ద పొరపాటు.

రెండేళ్ల కిందట ఒక పెద్దాయన ఇలాగే పొద్దుగూకాక రెండెకరాలకు నిప్పు పెట్టాడు. రాత్రి పదకొండుకు నాకు ఫోన్ చేశాడు. జరిమానా గురించేమో అనుకున్నాను. "సారూ, మనవడికి ఊపిరాడట్లేదు." పిల్లాడికి ముందునుంచీ ఆస్తమా. పక్కింటి ఆటోలో తీసుకెళ్లారు, నేనూ వెళ్లాను. నెబ్యులైజర్ పెట్టాక తెల్లవారుజామున తేరుకున్నాడు. ఆసుపత్రి మెట్ల మీద ఆ పెద్దాయన తల పట్టుకుని అన్నమాట నాకింకా వినపడుతుంది. "గాలి లేదు కదా, పొగ ఎటూ పోదనుకున్నాను సారూ." నిజంగానే అది ఎటూ పోలేదు.

రోడ్డు పక్క మడి అయితే ఇంకో ప్రమాదం. అమెరికాలోని ఒరెగాన్‌లో 1988లో పొలం పొగ హైవేని కమ్మేసి, వాహనాలు గుద్దుకుని ఏడుగురు చనిపోయారు.

అపోహ: బూడిద భూమికి బలం. టన్ను వరిగడ్డిలో సుమారు ఐదారు కిలోల నత్రజని ఉంటుంది, మంటలో దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. మిగిలిన బూడిదలో పొటాష్, కొంత భాస్వరం లాంటివి ఉంటాయి, అంతే.

అపోహ: కలియదున్నితే పైరు పసుపెక్కుతుంది. దున్నిన వెంటనే నాటితే నిజమే, గడ్డి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుంటాయి. రెండు మూడు వారాలు ముందుగా తడిపెట్టి దున్నితే ఆ బెడద ఉండదు.

అపోహ: చేతిరుమాలు కట్టుకుంటే చాలు. చాలదు. పీఎం 2.5 అనే అతిసన్నటి పొగ ధూళి బట్టలోంచి దూరిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు తలుపులు మూసుకుని లోపల ఉండాలి, ఇన్‌హేలర్ చేతికందేలా పెట్టుకోవాలి.

అపోహ: జరిమానాలు వేస్తే అన్నీ ఆగిపోతాయి. ఇది మా ఆఫీసుల్లో తిరిగే అపోహ. కోతకీ తర్వాతి పంటకీ మధ్య ఉండేది రెండు మూడు వారాలు. ఆ రోజుల్లో గడ్డిని కట్టలు కట్టే బేలరో, ముక్కలు చేసే మల్చరో మడికి రాకపోతే రైతు ఏం చేస్తాడు? కాలిఫోర్నియాలో 1991లో చట్టం చేసి కూడా, వరిగడ్డి కాల్చడాన్ని ఒక్కసారిగా ఆపకుండా ఏటా కొంత కొంత తగ్గించుకుంటూ వచ్చారు. రైతుకి వేరే దారి వెతుక్కునే టైం దొరికింది.

ఆ పెద్దాయన ఈసారి బేలర్ కోసం ముందే పేరు రాయించుకున్నాడు. కోత అయ్యి తొమ్మిది రోజులు, మిషన్ ఇంకా రాలేదు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "ఇవాళైనా వస్తుందా సారూ?" అని అడుగుతున్నాడు. ఆయనకంటే ముందు జాబితాలో ఇంకా నలుగురున్నారు.