గిటార్ ట్యాబ్‌లో లయ ఎక్కడ జారిపోయింది?

పాట వినిపిస్తే చాలు, సాఫ్ట్‌వేరే ట్యాబ్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో అంకెలతో చూపే రాత) రాసిచ్చే రోజులు రావడంతో, గిటార్‌ను విని నేర్చుకోవాలా, ట్యాబ్ చూసి నేర్చుకోవాలా అన్న పాత వివాదం మళ్లీ రగులుకుంది. ట్యాబ్ వల్ల చెవి మొద్దుబారుతుందని ఒక వర్గం, గురువు దొరకని చోట ట్యాబే గురువని మరో వర్గం వాదిస్తున్నాయి. ఈ తగవు ఇంతగా ముదరడానికి కారణం ట్యాబ్ పుట్టుకలో లేదు. 1990లలో దానికి జరిగిన నష్టంలో ఉంది.

1992లో లాస్ వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయంలో ఔత్సాహికులు రాసిన ట్యాబ్‌లను ఇంటర్నెట్‌లో పంచే ‘ఆన్‌లైన్ గిటార్ ఆర్కైవ్’ మొదలైంది. ఆరు తీగలకు ఆరు గీతలు, వాటి మీద ఫ్రెట్ల (గిటార్ మెడ మీది మెట్ల) అంకెలు. మామూలు కీబోర్డుతో సులువుగా కొట్టగలిగినది అంతే. ఏ స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పే గుర్తులు చాలామటుకు రాలిపోయాయి. 1507లో వెనిస్‌లో ముద్రాపకుడు పెట్రూచి అచ్చువేసిన, స్పినాచీనో ల్యూట్ (గిటార్ లాంటి పాత తీగ వాద్యం) ట్యాబ్ పుస్తకంలో సైతం గీతల పైన లయ గుర్తులున్నాయి. స్వరలిపి చూసి పాడడం రానివారి కోసమని అందులో నియమాలు రాసినవారు కూడా లయను వదిలిపెట్టలేదు.

విని వాయించేవారి అభ్యంతరానికి బలం ఇక్కడే ఉంది. కాపీహక్కుల విషయమై సంగీత సంస్థ ఈఎంఐ నుంచి వచ్చిన లేఖతో 1996లో విశ్వవిద్యాలయం ఆ ఆర్కైవ్‌ను మూసివేసినప్పుడు, మరోచోట కొనసాగిన అదే ఆర్కైవ్ 2006లో ప్రచురణకర్తల సంఘాల నోటీసులతో ఆగిపోయినప్పుడు, దాన్ని సమర్థించినవారు చెప్పుకున్నది ఒకటే: ఇవి ఔత్సాహికులు రికార్డులు విని, తమకు తోచినట్టు రాసుకున్నవి. అంటే చెవి చేయవలసిన పని ఒకరు చేశారు. డౌన్‌లోడ్ చేసుకున్నవారికి దాని ఫలితం మాత్రమే, అదీ లయ లేకుండా, తప్పులతో సహా అందింది. పాట ముందే తెలిసినవారు ఆ అంకెలను సంగీతంగా మార్చుకోగలిగారు, తెలియనివారు వేళ్లు కదిలించడం దగ్గరే ఆగిపోయారు. అంతకుముందు, 1960లలో, న్యూయార్క్‌లో అంధ గాయకుడు రెవరెండ్ గ్యారీ డేవిస్ దగ్గర నేర్చుకున్న స్టెఫాన్ గ్రాస్‌మన్, పాఠాలను టేపు మీద పట్టి ట్యాబ్‌గా రాసినప్పుడు రాత వినికిడి వెంటే నడిచింది.

ట్యాబ్ పక్షానికీ ఒక గట్టి ఆధారం ఉంది. మొదటి తీగను నొక్కకుండా మీటితే పలికే స్వరమే రెండో తీగ ఐదో ఫ్రెట్‌లోనూ, మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లోనూ పలుకుతుంది; చెవికి స్వరం తెలిసినా, వీటిలో ఎక్కడ నొక్కాలో ట్యాబ్ నేరుగా చూపిస్తుంది.

2010లో ట్యాబ్‌ల వెబ్‌సైట్ అల్టిమేట్ గిటార్, ప్రచురణకర్తల తరఫున లైసెన్సులిచ్చే హ్యారీ ఫాక్స్ ఏజెన్సీతో లైసెన్సు ఒప్పందం చేసుకోవడంతో హక్కుల తగవు చాలావరకు సద్దుమణిగింది. లయ గుర్తులు లేని ట్యాబ్‌లు మాత్రం ఇప్పటికీ చలామణిలోనే ఉన్నాయి.