75 డాలర్ల ఫీజు, కాలిపోయిన ఇల్లు: సౌత్ ఫుల్టన్ వెనకున్న కథ

2010 సెప్టెంబర్ చివర్లో జరిగిన ఈ సంఘటన గురించి అమెరికా అంతా మాట్లాడుకుంది. టెన్నెసీలో ఒక పెద్దాయన ఇల్లు తగలబడుతోంది, ఫైరింజన్ వచ్చింది, సిబ్బంది దిగారు, కానీ ఆ ఇంటి మీద చుక్క నీళ్లు కొట్టలేదు. కారణం ఆ ఏడాది ఆయన 75 డాలర్ల ఫైర్ ఫీజు కట్టకపోవడం. ఈ వార్త విన్న ప్రతివాళ్లూ మొదట తిట్టేది ఆ ఫైర్ సిబ్బందినే, అది సహజం కూడా. కానీ ఆ రోజు వాళ్లు అలా నిలబడిపోవడానికి ఇరవై ఏళ్ల వెనకాల నడిచిన వ్యవహారం ఒకటుంది, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ముందు ఆ ఊరి సంగతి. సౌత్ ఫుల్టన్ టెన్నెసీకి వాయవ్య మూలన, ఒబైయన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉంటుంది, అప్పటి జనాభా 2,300 పైచిలుకు అంతే. రాష్ట్ర సరిహద్దు దాటితే కెంటకీ, అక్కడ ఫుల్టన్ అని దీని జంట ఊరు. ఒకప్పుడు న్యూ ఆర్లీన్స్ నుంచి ఉత్తరాదికి వెళ్లే అరటిపళ్ల రైళ్లు ఇక్కడ ఆగి ఐస్ నింపుకుని పోయేవి, అందుకని ఏటా అరటిపళ్ల పండగ కూడా చేసేవాళ్లు. మన లెక్కలో ఒక మాదిరి పంచాయతీ అంత, అయినా అక్కడ చట్టం ప్రకారం అది సిటీయే, మేయర్, కమిషన్, సొంత పోలీసులు, సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్ అన్నీ ఉన్నాయి. ఆ ఖర్చంతా సిటీ లిమిట్స్ లోపల ఉన్నవాళ్లు ట్యాక్సుల్లో కడతారు. లిమిట్స్ దాటిన దగ్గర్నుంచి బాధ్యత కౌంటీది, కానీ అప్పటికి ఆ కౌంటీకి సొంత ఫైర్ డిపార్ట్‌మెంటే లేదు. టెన్నెసీ చట్టం కౌంటీలకి ఫైర్ సర్వీస్ పెట్టుకునే అధికారం ఇచ్చింది, పెట్టి తీరాలని మాత్రం చెప్పలేదు.

అసలు తిరకాసంతా అక్కడే. 1987లోనే ఒబైయన్ కౌంటీ కమిషన్, అంటే కౌంటీని నడిపే ఎన్నికైన సభ, కౌంటీ మొత్తానికి ఒక ఫైర్ డిపార్ట్‌మెంట్ పెట్టాలని తీర్మానం చేసింది, కానీ దానికి డబ్బులు కేటాయించలేదు, తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. ఈలోగా పల్లెల్లో మంటలు ఆగవు కదా, గడ్డివాములు, బార్న్‌లు, మొబైల్ హోమ్‌లు (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టుకునే ఇళ్లు) తగలబడుతూనే ఉంటాయి, జనం దగ్గర్లో ఉన్న సిటీకే ఫోన్ చేస్తారు. మరి సిటీ వాళ్ల ట్యాక్సులతో కొన్న బండి బయటి ఊళ్లకి ఊరికే ఎందుకు వెళ్లాలి అని సిటీలో ఉన్నవాళ్లు అడిగితే దాంట్లో న్యాయం లేదని అనలేం. అందుకని 1990లో సౌత్ ఫుల్టన్ ఒక పద్ధతి పెట్టింది, బయట ఉన్నవాళ్లు ఏడాదికింత అని ఫీజు కడితే వస్తాం, కట్టకపోతే రాం అని. కట్టాలా వద్దా అనేది ఇంటాయన ఇష్టం.

ఆ ఇష్టం అనే మాటే కొంప ముంచింది. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు, మళ్లీ కడితే మళ్లీ పెడతారు, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఫైర్ సర్వీస్ అలా కాదు, బకాయికి శిక్ష పడేది ఇల్లు కాలే ఆ ఒక్క గంటలోనే, అది పోయాక ఎన్ని డాలర్లు కట్టినా వెనక్కి రాదు.

2008లో ఆ కౌంటీలో ఉన్న ఫైర్ డిపార్ట్‌మెంట్లే కూర్చుని కౌంటీ కమిషన్‌కి ఒక రిపోర్టు ఇచ్చాయి. అందులో ఉన్నవి చూస్తే కడుపు మండుతుంది. ఎనిమిది మునిసిపల్ ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, వాళ్లు వెళ్లే ఇళ్ల మంటల్లో 75 శాతానికి పైగా సిటీల బయట పల్లెల్లోవే, ఫీజు అడక్కుండా వెళ్లొచ్చి తర్వాత బిల్లు పంపితే వసూలయ్యేది సగం కూడా ఉండదు, కట్టనివాళ్ల దగ్గర చట్టప్రకారం రాబట్టుకునే దారి కూడా వాళ్లకి లేదు. దానికి పరిష్కారం కూడా వాళ్లే చెప్పారు, ప్రాపర్టీ ట్యాక్స్ కొంచెం పెంచండి, లేదంటే ప్రతి కరెంటు మీటరు మీద నెలనెలా కొద్దిపాటి ఫైర్ ఫీజు వేయండి, అప్పుడు కట్టినవాళ్లు కట్టనివాళ్లు అనే గొడవే ఉండదని. రిపోర్టు ఇచ్చి రెండేళ్లు దాటినా కౌంటీ ఆ పని చేయలేదు. ట్యాక్స్ పెంచితే ఓట్లు పోతాయనే భయం ఎక్కడైనా ఒకటే.

ఇక 2010. ఆ ఇంటి పెరట్లో మనవడు పీపాల్లో చెత్త కాలుస్తుంటే మంట పక్కకి పాకింది. ఇంట్లోవాళ్లు తోటకి నీళ్లు పెట్టే పైపుతో ఆర్పడానికి చూశారు, అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేస్తే మీ పేరు లిస్టులో లేదన్నారు. ఎంతైనా కడతాం రండి అన్నా ఒప్పుకోలేదు. తర్వాత మంట పక్కాయన పొలంలోకి పాకింది, ఆయన ఫీజు కట్టి ఉన్నాడు, అందుకని బండి వచ్చింది, ఆ పొలం వైపు మాత్రం నీళ్లు కొట్టి ఊరుకున్నారు. ఇల్లు మొత్తం పోయింది, లోపల మూడు కుక్కలు, ఒక పిల్లి కూడా చచ్చిపోయాయి. మూడేళ్ల ముందు అదే కుటుంబంలో మంటొస్తే ఫీజు కట్టకపోయినా ఆర్పి డబ్బులు తర్వాత తీసుకున్నారు, అందుకే ఈసారి కూడా వస్తారనే ఆ పెద్దాయన అనుకున్నాడు.

మేయర్ డేవిడ్ క్రాకర్ గారు వెనక్కి తగ్గలేదు, సిటీ బయటివాళ్లకి ఇది మేం ఇచ్చే ఒక సర్వీస్, తీసుకుంటే తీసుకోవచ్చు లేకపోతే లేదు అన్నట్టు మాట్లాడారు. కట్టనివాళ్లకి కూడా ఆర్పితే రేపట్నుంచి ఎవరు కడతారు అనేది ఆయన వాదన. రేడియో వ్యాఖ్యాత గ్లెన్ బెక్ లాంటివాళ్లు దాన్ని సమర్థించారు, ఫైర్ సిబ్బంది జాతీయ యూనియన్ మాత్రం గట్టిగా ఖండించింది, మా వాళ్లని చేతులు కట్టుకుని చూస్తూ నిలబడే స్థితిలో పెట్టారని. నేనైతే యూనియన్ పక్షమే. మేయర్ లెక్క తప్పని కాదు, ఫీజు వసూలు చేసే పనిని తీసుకెళ్లి మంట ఆర్పేవాళ్ల నెత్తిన పెట్టడం తప్పు.

ఇంత గొడవయ్యాక కూడా 2011 డిసెంబర్‌లో మళ్లీ అదే జరిగింది, ఈసారి ఒక మొబైల్ హోమ్, మళ్లీ 75 డాలర్లే, మళ్లీ బండి వచ్చి చూస్తూ నిలబడింది. ఆ తర్వాతే, 2012లో సిటీ రూల్ మార్చింది, ఫీజు కట్టనివాళ్ల ఇంటికి కూడా వెళ్తాం, కాకపోతే కాల్‌కి 3,500 డాలర్లు బిల్లు వేస్తాం అని. ఈ పద్ధతి కొత్తదేం కాదు, అదే టెన్నెసీలో నాక్స్ కౌంటీలో రూరల్ మెట్రో అనే ప్రైవేటు కంపెనీ ఎప్పట్నుంచో అలాగే చేసేది, ముందు మంట ఆర్పు, సభ్యుడు కాకపోతే పెద్ద బిల్లు పంపు. లాభం కోసం నడిచే కంపెనీయే అలా చేస్తున్నప్పుడు ఒక సిటీకి ఆ సంగతి తెలియడానికి రెండు ఇళ్లు పోవాల్సి వచ్చింది.

అసలు ఈ ప్రశ్న చాలా పాతది. 1666లో లండన్ తగలబడ్డాక ఇన్సూరెన్స్ కంపెనీలు సొంత ఫైర్ దళాలు పెట్టుకుని, పాలసీ ఉన్న ఇళ్ల గోడలకి లోహపు బిళ్లలు కొట్టేవి. 1833కి ఆ దళాల్లో చాలావరకు ఒకటయ్యాయి, పాలసీ లేని ఇళ్ల మంటలు కూడా ఆర్పేవాళ్లు. 1861లో టూలీ స్ట్రీట్ గోదాములు కాలి దళం పెద్ద జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ చనిపోయాక, ఇంత భారం ఇక మావల్ల కాదని కంపెనీలు చేతులెత్తేస్తే 1866 నుంచి జనం డబ్బుతో నడిచే దళం వచ్చింది.

మన దగ్గర 101కి ఫోన్ చేస్తే ఇంటి పన్ను కట్టావా అని ఎవరూ అడగరు. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో ఫైర్ సర్వీస్‌ని మునిసిపాలిటీల పనుల్లో రాశారు గానీ, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ దాన్ని నడిపేది రాష్ట్ర ప్రభుత్వ శాఖే, అందుకే ఊరి పొలిమేర దగ్గర బండి ఆగదు. అమెరికాలో సిటీ బయట, అన్‌ఇన్‌కార్పొరేటెడ్ ఏరియాల్లో (ఏ సిటీ కిందకీ రాని చోట్ల) ఇళ్లు కొంటున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు, ట్యాక్స్ తక్కువని మురిసిపోయే ముందు ఆ అడ్రస్‌కి ఏ స్టేషన్ నుంచి బండి వస్తుందో, ఫైర్ ఫీజు ప్రాపర్టీ ట్యాక్స్‌లోనే కలిసి ఉందో లేక విడిగా బిల్లు కట్టాలో కౌంటీ ఆఫీసులో అడిగి, అదే ప్రశ్న ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని కూడా అడగండి.