మన మూకుట్లోకి పామాయిల్ వచ్చిన దారి

ఆయిల్‌పామ్ వెయ్యండి, సబ్సిడీ ఇస్తాం అని విజయనగరం, పార్వతీపురం వైపు ఊరూరా చెబుతున్నారు. ఇంకోపక్క ఫోన్ తెరిస్తే తగలబడుతున్న అడవి, మోడుని పట్టుకు వేలాడుతున్న ఒరాంగుటాన్, కింద "పామాయిల్ కొనకండి" అని మెసేజ్. రెండూ ఒకే రోజు చూసినవాడికి అయోమయమే మిగులుతుంది. అడవి నరికిన పాపంలో మన పకోడీకి వాటా ఉందా అంటే ఉంది. కానీ అది ఎంత, ఎలా వచ్చింది అన్నది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. డచ్చివాళ్లు 1848లో నాలుగు మొక్కలు తెచ్చి ఇప్పటి ఇండోనేషియాలోని జావా దీవిలో, బోగోర్ తోటలో నాటారు. చాలాకాలం అవి అందానికి పెంచుకునే చెట్లే. వ్యాపారానికి తోటలు వెయ్యడం సుమత్రాలో 1911లో, మలయాలో (ఇప్పటి మలేషియా) 1917లో మొదలైంది. అప్పటికే మలయా అడవుల్ని కొట్టి రబ్బరు తోటలు వేసేస్తున్నారు, ఆ తోటల్లో పనికి ఓడలెక్కినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మన తాతల కాలంలో రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లినవాళ్ల కథలే మనకి ఎక్కువ తెలుసు గానీ, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి మలయా వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు తక్కువేం కాదు, వాళ్ల మనవలు ఇవాళ్టికీ మలేషియాలో తెలుగు మాట్లాడుతున్నారు.

1960ల్లో రబ్బరు ధర పడిపోతుంటే మలేషియా ప్రభుత్వం పామాయిల్ వైపు తిరిగింది. భూమిలేని పేదలకి అడవి కొట్టించి, తలా కొంత తోట ఇచ్చింది. పేదరికం తగ్గింది, అది అబద్ధం కాదు, అడవీ తగ్గింది. అయితే ఒక చిక్కు ఉండేది. అక్కడ ఈ చెట్టుకి పరాగసంపర్కం సరిగ్గా జరిగేది కాదు, మనుషుల్ని పెట్టి పువ్వు పువ్వుకీ పుప్పొడి చల్లించేవాళ్లు. 1981లో కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కుపురుగుని తెచ్చి తోటల్లో వదిలారు. మగపువ్వుల మీద బతికే పురుగు అది, ఒళ్లంతా పుప్పొడి పూసుకుని ఆడపువ్వు మీదకి వెళుతుంది. కూలీల పని అది చేసేసింది, గెలలు నిండాయి, ఖర్చు పడిపోయింది. నాలుగేళ్లకి, 1985లో, అదే పురుగుని కేరళ తోటల్లోకీ తెచ్చారు. నన్నడిగితే ఈ కథలో మంత్రుల కంటే ఆ పురుగుదే పెద్ద పాత్ర.

ఇక ఇండోనేషియా. అక్కడ అధ్యక్షుడు సుహార్తో కాలంలో ముందు కలప కంపెనీలకి అడవుల్ని లీజుకిచ్చారు, పెద్ద చెట్లు పోయాక మిగిలిన దాన్ని "ఇది పాడైన అడవే కదా" అని తోటలకి రాసిచ్చారు. అన్నిటికన్నా ఘోరం పీట్ నేలల్ని ముట్టుకోవడం. అవి ఏడాది పొడవునా నీళ్లలో నానే అడవులు, రాలిన ఆకూ కొమ్మా పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకుని మీటర్ల లోతున నల్లటి పొర కట్టి ఉంటుంది, ఆ పొర నిండా కార్బనే. 1990ల మధ్యలో బోర్నియో దీవిలోని సెంట్రల్ కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్లలో వరి పండిస్తామని ఆ నేలల గుండా వేల కిలోమీటర్ల కాలువలు తవ్వారు. నీళ్లు పోయాయి, నేల ఎండింది, వరి మాత్రం పండలేదు. 1997లో ఎల్ నినో కరవొచ్చి నిప్పు అంటుకుంటే, అది భూమి లోపల్లోపల కాలుతూ వానలొచ్చేదాకా ఆరలేదు. పొగ సింగపూర్, మలేషియాల దాకా కమ్మేసింది. 2015లో మళ్లీ అదే జరిగి ఇరవై ఆరు లక్షల హెక్టార్లు కాలిపోయాయి.

ఇలా వేసిన తోటల పామాయిల్ ఎవరు కొన్నారు అంటే, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది మనమే.

మన జిల్లాల్లో ఒకప్పుడు తెలికలవాళ్ల గానుగల్లో ఆడిన పప్పునూనె, ఆ తర్వాత వేరుశనగ నూనె. పామోలిన్ రేషన్ డిపో దారిన వచ్చింది. 1994లో ప్రైవేటు వ్యాపారులకి దిగుమతి తెరిచాక ఇక అడ్డు లేకపోయింది. ఇప్పుడు ఏటా 75 లక్షల టన్నులకి పైనే వస్తోంది, కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లోనూ దిగుతోంది. "మా ఇంట్లో పామాయిల్ వాడం, సన్‌ఫ్లవరే" అనేవాళ్లు వంటింట్లో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ ఒకటి వెనక్కి తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో, గోధుమపిండి తర్వాతో, చక్కెర తర్వాతో, బ్రాకెట్లో పామ్ ఆయిల్ అనో పామోలిన్ అనో ఉంటుంది. చిప్స్, మిక్చర్, నూడుల్స్ అన్నీ అంతే. స్నానం సబ్బులోనూ ఎక్కువగా అదే, కాకపోతే సబ్బు మీద ఆ పేరు సూటిగా కనిపించదు. బజ్జీల బండి దగ్గర ఏ నూనో ఎవరూ అడగరు.

మరి మానేస్తే సరిపోతుందా? ఇక్కడే ఆ మెసేజ్‌లు సగమే చెబుతాయి. హెక్టారు ఆయిల్‌పామ్ ఏడాదికి మూడు, నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. సోయా అర టన్ను ఇస్తే గొప్ప. అందరం రేపట్నుంచి సోయా నూనెకి మారితే అంతకి ఆరేడు రెట్లు భూమి కావాలి, మనకి దిగుమతయ్యే సోయా నూనె ఎక్కువగా అర్జెంటీనా, బ్రెజిల్‌దే, అక్కడా సోయా కోసం అమెజాన్ లాంటి అడవుల్ని కొట్టారు. కాబట్టి చెట్టు మీద కోపం పెట్టుకుని లాభం లేదు, దాని కోసం కొత్తగా అడవి కొట్టడం ఆగాలి. అది ఆగుతుందని రుజువు కూడా ఉంది. 2004లో బ్రెజిల్ అమెజాన్‌లో ఒక్క ఏడాదిలో 27 వేల చదరపు కిలోమీటర్ల పైన అడవి పోతే, ఉపగ్రహాలతో కాపలా కాసి, జరిమానాలు వేసి, కొత్తగా కొట్టిన భూమిలో పండిన సోయా కొనం అని వ్యాపారులతో ఒప్పించి, 2012 నాటికి 4,600 లోపుకి తెచ్చారు. పామాయిల్ విషయంలోనూ 2010లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్లు నెస్లే చాక్లెట్ కిట్‌క్యాట్ పేరు పెట్టి గోల చేశాక ఆ కంపెనీ దిగొచ్చింది, 2013 డిసెంబర్‌లో పెద్ద పామాయిల్ వ్యాపారి విల్మర్ అడవి కొట్టిన చోటి నూనె కొనం అని ప్రకటించింది. విల్మర్ అంటే ఇక్కడ అదానీతో కలిసి ఫార్చ్యూన్ నూనెలు అమ్మిన కంపెనీయే. ఇండోనేషియా 2011లో ఎన్నడూ నరకని అడవుల్లో కొత్త తోటలకి అనుమతులు ఆపి, 2019లో దాన్ని శాశ్వతం చేసింది. మాట ఇచ్చాక తప్పినవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి. కంపెనీల మీద ఆ ఒత్తిడి చాలావరకు యూరప్ కొనుగోలుదార్లది. అంతకన్నా ఎక్కువ కొనే మనం మాత్రం టిన్ను ధర తప్ప ఇంకేమీ అడగలేదు.

అడగడం మన చేతిలో పనే. కంపెనీ కస్టమర్ కేర్‌కి "మీ పామాయిల్ ఎక్కడిది, ఆర్‌ఎస్‌పీఓ సర్టిఫికెట్ ఉందా" అని ఒక్క మెయిల్ పెట్టండి. అడవి కొట్టకుండా, పద్ధతిగా పండించిన పామాయిల్‌కి ఇచ్చే ఈ సర్టిఫికెట్ 2004లో మొదలైన సంస్థది, లోపాలున్నాయి, కానీ అడిగేవాడు ఉన్నాడని తెలియడమే కంపెనీకి టెన్షన్. ఇంట్లో పెళ్లి ఉంటే క్యాటరింగ్ అతనితో నూనె సంగతి ముందే మాట్లాడుకోవచ్చు, పదిహేను కేజీల టిన్నులు ఎన్ని దిగుతాయో లెక్క వేస్తే అది మన ఇంటి వాడకం కన్నా చాలా ఎక్కువ. వేయించిన తిండి కొంచెం తగ్గిస్తే డాక్టరు కూడా సంతోషిస్తాడు. గానుగ నూనెకి మారమని అందరికీ చెప్పను, ఆ ధర పెట్టలేక పామోలిన్ కొనే ఇల్లే ఎక్కువ.

మన రైతు సంగతి చెప్పకపోతే అన్యాయం. దేశంలో పండే పామాయిల్లో సింహభాగం తెలుగు రాష్ట్రాలదే, అదీ ఎప్పట్నుంచో సాగులో ఉన్న భూమిలో. ఇక్కడ వేసిన ఆయిల్‌పామ్ ఒరాంగుటాన్ ఇల్లు కూల్చలేదు. దీని కష్టాలు వేరు. ఎకరాకి 57 చెట్లు, వేసవిలో చెట్టుకి రోజుకి 200 లీటర్ల పైనే నీళ్లు, అంటే ఎకరాకి పదకొండు వేల లీటర్ల మాట, మెట్ట ప్రాంతంలో బోరు మీద ఆధారపడేవాళ్లు సబ్సిడీ కన్నా ముందు ఈ లెక్క చూసుకోవాలి. కోసిన గెల ఒక రోజులో మిల్లు చేరాలి కాబట్టి ఆ ప్రాంతానికి కేటాయించిన కంపెనీకే అమ్మాలి. ధరేమో ప్రపంచ మార్కెట్ మీద, ఢిల్లీ వేసే దిగుమతి సుంకం మీద ఆధారపడి ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనె మీద దిగుమతి సుంకం పెంచారు, 2025 మేలో మళ్లీ తగ్గించారు.

నాకు అసలు భయం కొత్తగా వేసే చోట్ల గురించే. 2021లో కేంద్రం 11,040 కోట్లతో మొదలుపెట్టిన ఆయిల్‌పామ్ మిషన్ ముఖ్యంగా చూసింది ఈశాన్య రాష్ట్రాలనీ అండమాన్‌నీ, మన దేశంలో వర్షారణ్యాలు ఉన్న ముఖ్యమైన చోట్లలో అవీ ఉన్నాయి. అండమాన్ మనకేం దూరం కాదు, శ్రీకాకుళం తీరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి స్థిరపడిన బంధువులు చాలామందికి ఉంటారు. లిటిల్ అండమాన్‌లో 1970ల్లో అడవి కొట్టి పామాయిల్ వేస్తే, 2002లో సుప్రీంకోర్టు ఆ రకం తోటల్ని ఆపించాల్సి వచ్చింది. ఇక్కడ సీతంపేట, కురుపాం కొండల్లో ఎవరైనా అడవి భూమిలో తోట అంటూ వస్తే, 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఆ అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉంది. గ్రామసభ తీర్మానం కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ) ఇచ్చి రసీదు తీసుకోవాలి.