నీళ్ల లారీ, గోలీ సోడా, ఎక్మో

పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "ఎక్మో పెట్టారంటే ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?" ఎక్మో అంటే రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, ఆక్సిజన్ పట్టించి, తిరిగి పంపే యంత్రం. చెన్నై తెలుగువాళ్లకి ఈ భయం ఎందుకుందో నాకు తెలుసు. 2016 డిసెంబరులో జయలలిత గారు, 2020లో మన బాలు గారు. బులెటిన్లలో ఆ మాట విన్న రెండుసార్లూ చివరికి చెడ్డ కబురే వచ్చింది. ఆక్సిజన్ పెడితేనే "ఇక మనిషి దక్కడు" అనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చాకే పెడతారు కాబట్టి నింద యంత్రం మీద పడింది.

జయలలిత గారిది గుండె ఆగిన కేసు. నేను చెప్పేది ఊపిరితిత్తుల ఎక్మో గురించి. తొడ దగ్గరి పెద్ద సిరలోంచి రక్తం లాగి, ఆక్సిజన్ పట్టించి, మెడ సిరలోకి తిరిగి పంపిస్తారు. ఒకసారి ఐసీయూలో ఆ గొట్టాల్ని దగ్గరగా చూశాను. బయటికి వచ్చేది నేరేడు పండు రంగు, లోపలికి వెళ్లేది మందారం రంగు. మధ్యలో ఒక డబ్బా, దాన్నిండా సన్నటి బోలు పోగులు. పోగుల లోపల గాలి, బయట రక్తం. ఎక్కడైనా గడ్డ కట్టిందేమోనని నర్సు టార్చి వేసి చూస్తోంది.

ఇప్పుడు మన నీళ్ల లారీలు గుర్తు తెచ్చుకోండి. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ ఒక లారీ, ఒళ్లే ఊరు. ట్యాంకు నిండాక పైపు ఎంతసేపు వదిలినా చుక్క ఎక్కదు. ఊళ్లోకి ఎక్కువ నీళ్లు రావాలంటే ఎక్కువ లారీలు తిరగాలి. అందుకే ఆక్సిజన్ చాలకపోతే రక్త ప్రవాహం పెంచుతారు. పైగా ఈ లారీలు ఖాళీగా తిరిగిరావు, ముప్పావు వంతు నిండే వస్తాయి. లీటరు రక్తం మోసేది దాదాపు 200 మి.లీ. ఆక్సిజన్, నింపడానికి మిగిలేది 50. కదలకుండా పడుకున్న మనిషికే నిమిషానికి 250 కావాలి. అంటే నిమిషానికి 5 లీటర్లు! అదీ హిమోగ్లోబిన్ 15 ఉంటేనే. 10కి పడితే లీటరుకు 33 మాత్రమే ఎక్కుతుంది, లారీలే తక్కువ కదా.

రెండు గొట్టాల కొసలు మరీ దగ్గరైతే ఇంకో చిక్కు. నిండిన లారీ ఊళ్లోకి పోకుండా మళ్లీ పైపు కిందికే వస్తుంది. నేరేడు రంగు గొట్టం కూడా ఎర్రబడుతోందంటే ఇదే అనుమానించాలి.

కార్బన్ డయాక్సైడ్ తీరు వేరు. అది గోలీ సోడా. ఆక్సిజన్ కంటే సుమారు 20 రెట్లు ఎక్కువ కరుగుతుంది, సందు దొరికితే పొర దాటి పోతుంది. పోగుల్లో గాలి జోరు పెంచితే చాలు.

ఈ యంత్రం ఊపిరితిత్తుల్ని బాగుచేయదు. గట్టిపడిన ఊపిరితిత్తుల్లోకి వెంటిలేటర్ బలంగా గాలి కొడితే అవి ఇంకా దెబ్బతింటాయి. ఆ ఒత్తిడి తగ్గించి, కోలుకునే టైమ్ ఇస్తుంది, అంతే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదమూ ఉంది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న రోగుల మీద చేసిన, 2018లో ఫలితాలు వచ్చిన ఇయోలియా అనే ట్రయల్‌లో, 60 రోజుల్లో చనిపోయినవాళ్లు ఎక్మో పెట్టినవాళ్లలో 35 శాతం, మామూలు చికిత్సలో 46 శాతం. ఈ తేడా తిరుగులేని రుజువు కాదని గణాంకాలు అన్నాయి. కానీ మామూలు చికిత్స వాళ్లలో నాలుగో వంతు మందికి పైగా, పరిస్థితి విషమించాక, ఎక్మోకే మార్చారని మరిచిపోకూడదు.

1975లో అమెరికాలో రాబర్ట్ బార్ట్‌లెట్ అనే సర్జన్ ఈ యంత్రం మీద ఒక పసిపాపను బతికించాడు. నర్సులు ఆమెకు ఎస్పెరాంజా అని పేరు పెట్టారు, స్పానిష్‌లో "ఆశ" అని. ఆ పాప పెరిగి పెద్దదైంది.

మనిషి కోలుకున్నాడో లేదో తేల్చే రోజు డబ్బాలోకి వెళ్లే గాలి ఆపేస్తారు. రక్తం తిరుగుతూనే ఉంటుంది, నింపే పైపు మాత్రం కట్టేసినట్టు. రెండు గొట్టాలూ నేరేడు రంగుకి మారిపోతాయి. పక్కన నిలబడ్డవాళ్లకి టెన్షన్. అప్పుడు కూడా వేలికి పెట్టిన మీటరులో ఆక్సిజన్ అంకె పడిపోలేదంటే, ఆ ఆక్సిజన్ ఆ మనిషి ఊపిరితిత్తులు పట్టించుకున్నదే.